రథమా? సారథియా?



పందెపు మోటారుబండ్లను గూర్చి యొక బడిపంతులుగారి భార్య వ్రాయఁబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నాకు బండి నడుపుట రాదు. నేర్వవలెనని యెన్నఁడును కోరలేదు. కాని యాదివారము సాయంకాలములయందు మా యింట టెలివిజనులో నీ పందెములు సాగుచుండును. వానితోపాటు మా వారికిని మా యబ్బాయికిని వాదమును సాగుచుండును. "గెలిచినది బండి గాని మనిషి కాదు. ఆ బండి నాకిచ్చినను మూఁడవవాఁడనై వత్తును" అని మా వారందురు. "అట్లయిన నదే బండి నెక్కిన రెండవవాఁడేల వెనుకఁబడె"నని వాఁడనును. కూరలు తఱుగుచు నే నీ వాదమును రెండేండ్లు వింటిని. వినఁగా వినఁగా నిది క్రొత్త ప్రశ్న కాదనియు, మన భారతమునందే యున్నదనియుఁ దోఁచినది.

నలోపాఖ్యానమును స్మరింపుఁడు. దమయంతికి మరల స్వయంవరమని విని ఋతుపర్ణమహారాజు ఒక్క దినములోఁ గుండినపురము చేరవలసివచ్చెను. బాహుకరూపముననున్న నలుఁడు శాలలోని గుఱ్ఱముల నన్నిటిని పరికించి బక్కచిక్కినవానిని ఏఱుకొనెను. వీనితో నెక్కడికిఁ బోఁగలమని రాజు శంకించెను. త్రోవలో నుత్తరీయము జాఱిపడఁగా రాజు రథము నాపుమనెను. అప్పటికే యది యోజన దూరమున వెనుకఁబడినదని సారథి చెప్పెను. ఇంతవఱకుఁ జూచినచో గెలుపు సారథిదే. కాని యా బక్క గుఱ్ఱములు సామాన్యములు కావు. వాని లక్షణముల నెఱిఁగియే నలుఁడు వానిని కోరుకొనెను. మంచి గుఱ్ఱము నెఱుఁగుటయు సారథ్యములో భాగమే కదా! ఇఁక దమయంతి సంగతి చూడుఁడు. రథధ్వని చెవిఁబడినంతనే నలుఁడని యామె గుండె చెప్పెను. అయినను తొందరపడలేదు. నలుని యొద్ద నుండిన వార్ష్ణేయుఁ డీ విద్య నేర్చెనేమో, ఋతుపర్ణుఁడే యంతటివాఁడేమో యని శంకించి, పరీక్షించి రమ్మని పరిచారికను పంపెను. రథధ్వనిని మాత్రము విని మనిషిని నిర్ణయింపఁగూడదని యామెకుఁ దెలిసినంతగా నేఁటి పత్రికలవారికిఁ దెలియదని నా యభిప్రాయము.

ఇప్పటి పందెములకు వత్తము. 1950వ సంవత్సరమునుండి జరుగుచున్న ఫార్ములా వన్ పోటీలో నొక్కొక్క సంస్థ తన బండిని తానే రూపొందించుకొనవలెను. కావున నచ్చట బండ్లు సమానములు కావు. విమానపు ఱెక్క గాలిచేతఁ బైకి లేచును. ఈ బండ్లకు అట్టి ఱెక్కలనే తలక్రిందుగా బిగింతురు. వేగము హెచ్చినకొలఁది గాలి బండిని నేలకు అదుముచుండును. అందుచేతనే మలుపులలో నది జాఱక నిలుచును. ఆ ఱెక్క వంపులో నావగింజంత లోపమున్నను మలుపు మలుపునకు సెకనులో నేదో యొక లేశము పోవును. ఆ లేశములు చుట్టు చుట్టునకు కూడఁగాఁ గూడఁగా వెనుకనున్నవాని కంటికి ముందరి బండి కానరాకుండఁ బోవును. టైర్ల సంగతి మన పెనము వంటిది. పెనము చాలినంత కాఁగకున్న దోసె యంటుకొనును; మిక్కిలి కాఁగిన మాడును. టైరు చల్లగానున్న నేలపై పట్టు చిక్కదు. మితిమీఱి వేఁడెక్కినచో నరిగిపోవును. దానిని నడిమి వేఁడిలో నిలుపుట కొంత బండి కట్టినవారి పని, కొంత నడుపువాని చేతులపని, కాళ్లపని. అందు ఎవరిది యెంత యనుటయే చిక్కు.

1988వ సంవత్సరమున మెక్లారెన్ సంస్థవారు హోండా ఇంజనుతో నొక బండి కట్టిరి. అది 16 పందెములలో 15 గెలిచెను. ఏర్టన్ సెన్నా 8, అలెన్ ప్రాస్ట్ 7. ఇది చూపి మా వారు తమ వాదము ముగిసినదందురు. కాని యా యేఁడే మొనాకో నగరపు టిఱుకు వీథులలో, పందెమునకు ముందు జరుగు కాలపరీక్షలో, సెన్నా ప్రాస్ట్ కంటె 1.427 సెకనులు తక్కువ కాలములో నొక చుట్టు తిరిగెను. ప్రాస్ట్ అప్పటికే రెండుమాఱులు జగజ్జెట్టి యైనవాఁడు, బండి యదే. సెకనున్నర యేపాటి యనుకొందురేమో; సెకనును వేయి తునుకలు చేసి లెక్కించు వీరికి అది మహాసముద్రము. ఇది చూపి మా యబ్బాయి తన వాదము ముగిసినదనును. ఇద్దఱును మఱునాఁటి పందెమును మఱచుచున్నారు. సెన్నా చాల ముందుండి, బండిలో నేలోపమును లేకయే, ఒక మలుపునొద్ద తానే తప్పి గోడప్రక్క కంచెను గ్రుద్దుకొనెను. ప్రాస్ట్ గెలిచెను. ఎక్కువ నేర్పరి చేతిలో నోడినదియు, తక్కువ వేగముగా నడపిన వాని చేతిలో గెలిచినదియు ఆ బండియే. వేగము వేఱు, నిలుకడ వేఱు. రెండును నేర్పులే.

మనిషిని మార్చక బండిని మార్చి చూచిన పరీక్ష యొకటి 2020వ సంవత్సరము డిసెంబరు నెలలో దానంతట నదియే జరిగెను. జగజ్జెట్టియైన లూయీ హామిల్టన్‌నకు కరోనా జ్వరము సోఁకుటచే బహ్రెయిన్ దేశమందలి సాఖిర్ పందెమున నతని మెర్సిడెస్ బండిని జార్జి రసెల్ అను యువకునికిచ్చిరి. అతఁడు రెండేండ్లుగా విలియమ్స్ సంస్థవారి వెనుకఁబడిన బండిలో తిరుగుచు నొక్క పాయింటును సంపాదింపలేదు. ఆ బండి పొట్టివాఁడైన హామిల్టన్ కొలతకుఁ గట్టినది, ఇతఁడు నిడుపరి, ముడుచుకొని కూర్చుండెను. కాలపరీక్షలో నా బండిని నాలుగేండ్లుగా నడపుచున్న బొట్టాస్ కంటె 0.026 సెకను మాత్రమే వెనుకఁబడి రెండవ స్థానమున నిలిచెను. పందెము మొదలైనంతనే బొట్టాస్‌ను దాఁటి ముందునకుఁ బోయెను! తరువాత పనివారు పొరపాటున బొట్టాస్ టైర్లను ఇతని బండికి బిగించిరి. అది సరిదిద్దుకొని మరల తఱుముచుండఁగా టైరు గాలి పోయెను. తొమ్మిదవవాఁడై వచ్చెను. రెండేండ్లు కడగొట్టునఁ దిరిగినవాఁడు ఒక్క వారములో అందఱికంటె ముందుండెను గదా, బండి యెంతటిదో చూడుఁడు. నాలుగేండ్ల పరిచయమున్నవానిని నాలుగు దినములలో మించెను గదా, మనిషి యెంతటివాఁడో చూడుఁడు. ఆనాఁడు మా యింట వాదము లేదు. ఇద్దఱును ఆ టైర్లు బిగించినవారిని తిట్టుటలో నేకమైరి.

మన దేశస్థుని సంగతియు నొకటి చెప్పవలెను. కోయంబత్తూరు నివాసియైన నరేన్ కార్తికేయన్ 2005వ సంవత్సరమున జోర్డాన్ సంస్థవారి బండి నెక్కి, ఈ పోటీలో దిగిన మొదటి భారతీయుఁడయ్యెను. ఆ బండి మందమైనది. ఆ యేఁటి జూను నెలలో అమెరికాలోని ఇండియనాపొలిస్ పందెమున మిషెలిన్ టైర్లు ప్రమాదకరములని తేలి 14 బండ్లు మొదలిడకయే తొలఁగెను. మిగిలినవి ఆఱే. అందు కార్తికేయన్ నాలుగవవాఁడై 5 పాయింట్లు పొందెను. ఆ పోటీలో నతఁడు పొందిన పాయింట్లు ఇవియే. ఆఱింటిలో నాలుగవ స్థానమా యని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. ముందు రెండును ఫెరారీ బండ్లు; మూఁడవది ఇతని సంస్థవారిదే. ఎట్టి నేర్పుతో నా జోర్డాన్ ఫెరారీని దాఁటుననునది ఎగతాళి చేసినవారే చెప్పవలెను.

వాన కురిసిననాఁడు లెక్కలు మాఱును. తడినేలపై ఎంత బలమైన ఇంజనైనను తన బలమంతయుఁ జూపలేదు. పాదము నెంత సుతారముగా నొత్తవలెనో తెలిసినవాఁడే నిలుచును. 1993వ సంవత్సరమున ఇంగ్లాండులోని డోనింగ్టన్ బాటమీఁద వానలో, సెన్నా తనకంటె మేలైన విలియమ్స్ బండ్లు ముందుండఁగా అయిదవ స్థానమునకు జాఱి, మొదటి చుట్టు ముగియకమునుపే యందఱిని దాఁటెను. షెఫీల్డు విశ్వవిద్యాలయ పండితులు మఱికొందఱితోఁ గలసి 1950 మొదలు 2014 వఱకు జరిగిన పందెముల ఫలితములను గణితముతో వడపోసి 2016లో నొక వ్యాసము ప్రకటించిరి. మనిషికంటె సంస్థయొక్కయు బండియొక్కయు ప్రభావమే యెక్కువ, కాలము గడచినకొలఁది అది పెరుగుచున్నది, వానలోను వీథిపందెములలోను మాత్రము తగ్గవచ్చును అని వారి నిర్ణయము. మా వారు దీనిని చదివి పొంగిపోయిరి. బండి ప్రభావమును తీసివేసి చూచిన నందఱిలో మేటి సారథి అర్జెంటీనా వాసి ఫాంజియో యని యా వ్యాసమే చెప్పుచున్నది. అతఁడు అయిదుమాఱులు జగజ్జెట్టి యయ్యెను. అది యొకే బండిలోఁ గాదు. ఆల్ఫా రోమియో, మెర్సిడెస్, ఫెరారీ, మాసెరాటి యను నాలుగు సంస్థల బండ్లలో. ఏ యేఁట నేది మంచి బండియో కనిపెట్టి యచ్చటికిఁ బోవుచుండెనని కొందఱు దెప్పుదురు. బక్క గుఱ్ఱముల నేఱుకొన్న నలుని నెవ్వరు దెప్పిరి?

ఇంతవఱకు మగవారి కథలు. మన యాఁడువారి సంగతి చెప్పుటకే నిజముగా నీ వ్యాసము మొదలిడితిని.

చెక్ దేశమున ఎలిష్కా యుంకోవా యను స్త్రీ 1900వ సంవత్సరమున జన్మించెను. భర్త చెనెక్ బ్యాంకు వ్యాపారి, పందెముల యందు ప్రీతిగలవాఁడు. యుద్ధములో నతని చేతికి గాయమగుటచే గేరు మార్చుట కష్టమయ్యెను. మొదట భర్త ప్రక్కఁ గూర్చుండి సాయపడుచుండిన యీమె క్రమముగా తానే నడుపసాఁగెను. ఆనాఁటి బుగాటీ బండి యనఁగా చక్రము త్రిప్పుటకు భుజబలము, గేరు మార్చుటకు మణికట్టు బలము కావలసినది. ఈమె చిన్న విగ్రహము. బలము చాలని చోట బుద్ధిని నిలిపెను. 1928వ సంవత్సరమున సిసిలీ ద్వీపపు కొండలలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెమునకు చాల ముందుగాఁ బోయి, 108 కిలోమీటర్ల చుట్టును పరిశీలించి, కొంత దూరము కాలినడకను సయితము తిరిగి, మలుపు మలుపునకు గుర్తులు పెట్టుకొనెను. పందెమునకు ముందు బాటను నడచి చూచు నలవాటు తరువాత మగవారికిని అబ్బెను. అట్టి చుట్లు అయిదు తిరుగవలెను. రెండవ చుట్టు ముగియునప్పటికి ఐరోపాలోని మేటి వీరులందఱును ఆమె వెనుకనుండిరి. కడపటి చుట్టున నీరు సరిగా నాడక ఇంజను వేఁడెక్కెను. అయిదవ స్థానమున వచ్చెను. గెలిచిన ఆల్బర్ట్ డివో యెక్కినదియు బుగాటీయే. కావున నామె నంతదూరము ముందుంచినది తన నేర్పు; కడపట వెనుకకు లాగినది బండి. ఆ వేసవిలోనే జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పందెమున భర్త మరణించెను. ఆ యిల్లాలు మరల పందెపుబండి నెక్కలేదు.

ఇఁక నాకు నిద్రపట్టనీయని కథ. ఇటలీ దేశపు లెల్లా లొంబార్డి మాంసము విక్రయించువాని కూఁతురు. తండ్రి యంగడి సరకును ఇండ్లకుఁ జేర్చు బండిని నడపుచు చేయి కుదుర్చుకొనెను. 1975వ సంవత్సరమున మార్చ్ సంస్థవారి బండి నెక్కి ఫార్ములా వన్‌లో దిగెను. ఆ యేఁటి ఏప్రిలు నెలలో బార్సెలోనా నగరపు మోంజుయిక్ వనమున నొక బండి బాటదాఁటి ఎగిరి, మనుష్యులు మరణింపఁగా, పందెమును నడుమ నాపిరి. అప్పటికి లొంబార్డి ఆఱవస్థానమున నుండెను. పందెము సగమే జరిగినది గనుక పాయింటులోను సగమే యిచ్చిరి. జగజ్జెట్టి పోటీ పట్టికలో ఇన్నేండ్లకు నొక స్త్రీ పేరిట నున్నది ఆ యర పాయింటు మాత్రమే.

ఆమె ఆ యేఁడంతయు, మలుపులలో బండి సరిగా నిలుచుట లేదని చెప్పుచునే యుండెను. బండి కట్టినవారు బాగుగానే యున్నదనిరి. ఆఁడుది గనుక నడుపలేక చెప్పుచున్నదని యనుకొనిరి. తరువాత స్వీడను దేశపు రోనీ పీటర్సన్ ఆ బండి నెక్కెను. అతఁడు మహావేగి యని లోకమెల్ల నెఱుఁగును. అతఁడును దిగివచ్చి బండిలో నేదో తేడా యున్నదనెను. అప్పుడు విప్పి చూచిరి. వెనుకభాగమున చక్రముల బరువును మోయు లోహపు పోఁతలో పగులు కనఁబడెను. ఈ సంగతిని ఆ సంస్థ నిర్మాతలలో నొకఁడగు రాబిన్ హెర్డ్ పెక్కేండ్లకు తానే చెప్పుకొని సిగ్గుపడెను. లొంబార్డి 1992లో, ఏఁబది సంవత్సరముల వయస్సున, కేన్సరు వ్యాధితో మరణించెను.

ఇది చదివిననాఁడు నాకు మా యత్తవారింటి కుట్టుమిషను జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తకోడలినై యుండఁగా దానిమీఁద నేను రవికలు కుట్టుచుంటిని. నాలుగంగుళముల కొకచోట కుట్టు తప్పిపోవుచుండెను. నా చేయి కుదురులేనిదని యింట నెల్లరును నిశ్చయించిరి; నేనును నమ్మితిని. పుట్టింట గ్రంథములు చదివించినారే గాని చేతిపని నేర్పలేదని యొక మాటయుఁ బడితిని. పండుగకు బట్టలు కుట్ట వచ్చిన దర్జీ యొకఁడు దానిమీఁద రెండు నిమిషములు కూర్చుండి, సూది కడ్డీ వంగినదని చెప్పి, పైసా పుచ్చుకొనక సరిచేసి పోయెను. అతఁడు కొత్తగా నేమియుఁ గనిపెట్టలేదు. నేను చెప్పినదే చెప్పెను. అతని మాట వినిరి.

అందుచే బండియా, మనిషియా యను ప్రశ్నలో మగవారు గమనింపని దొకటి యున్నదని నా మనవి. బండి యేమి చేయుచున్నదో శరీరముతోఁ గనిపెట్టి, ఎక్కడ జాఱుచున్నదో, ఎప్పుడు బ్రేకు మెత్తఁబడుచున్నదో పనివారికిఁ జెప్పుట నడుపువాని నేర్పులోఁ గొప్ప భాగము. ఆ మాటను బట్టియే మఱుసటి వారమునకు బండి బాగుపడును. మాట వినఁబడినవాని బండి నానాఁటికి మేలగును. వినఁబడనివాని బండి యున్నచోటనే యుండును. కడకు పట్టికలో నిద్దఱి పేరులు మాత్రము కనఁబడును. స్త్రీలు ఈ పందెములకుఁ దగరని తీర్పు చెప్పినవారు చూపు సాక్ష్యము ఆ పట్టికయే. పగిలిన బండి పగులును పట్టిక చెప్పదు.

2019లో డబ్ల్యూ సిరీస్ అను పందెములు స్త్రీలకే యేర్పడినవి. బండ్లన్నియు నొక్కటే రకము. చేరుటకు రుసుము లేదు. 2019, 2021, 2022 మూఁడేండ్లును ఇంగ్లాండు యువతి జేమీ చాడ్విక్ ప్రథమురాలయ్యెను. సమానమైన బండ్లలో మూఁడుమాఱులు గెలిచినదానిని అదృష్టవంతురాలనుటకు ఎవ్వరికిని నోరు రాదు. ధనము చాలక ఆ పందెములు 2022తో నాఁగిపోయినవి. 2023లో ఫార్ములా వన్ వారే స్త్రీలకు అకాడమీ పందెములు మొదలిడిరి.

ఆ 2023 ఫిబ్రవరి 11వ తేదీననే మన హైదరాబాదు నగరమున, హుస్సేనుసాగరపు టొడ్డున, విద్యుద్బండ్ల పందెము జరిగెను. దీనిని ఫార్ములా ఈ యందురు. ఇందు బండి కాయము, బ్యాటరీ యందఱికి నొక్కటే. మోటారు మొదలగు కొన్ని భాగములు మాత్రము ఎవరివి వారివి. ఇచ్చట నేర్పు వేఱువిధమైనది. బ్యాటరీలోని శక్తి యంతయు మొదటనే వెచ్చించిన చివర బండి నిలిచిపోవును. నెలాఖరు వఱకు నూనెడబ్బాను లాగుకొని వచ్చు మనకు ఈ విద్య క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశస్థుఁడు జీన్ ఎరిక్ వెర్న్ కడపటి చుట్లలో తన వెనుకనున్న కాసిడీకంటెఁ దక్కువ శక్తి మిగిలియుండియు, దారి యీయక, అర సెకనుకంటెఁ దక్కువ తేడాతో గెలిచెను.

ఆ పందెమును చూడఁబోయిన మా యన్నగారి పిల్లలిద్దఱికిని బండ్ల పిచ్చి పట్టినది. నగరమున గో-కార్టులను చిన్న బండ్లను అద్దె కిచ్చు చోటొకటి యున్నదట. మొదటిమాఱు మా మేనల్లుఁడు గెలిచెను. అమ్మాయి తన బండి మలుపులో నేడ్చుచున్నదని చెప్పఁగా నందఱును నవ్విరి. రెండవమాఱు పట్టుపట్టి బండ్లు మార్పించినది. ఈమాఱు తానే ముందు వచ్చినది. అయితే బండిదే గెలుపని వాఁడును, మొదటిమాఱు తనకెంత తేడాతో ఓటమి కలిగెనో, ఇప్పుడు వానికెంత తేడాతో కలిగెనో కాగితముమీఁద వ్రాసి చూపి, తన తేడా పెద్దదని యదియును వాదమునకు దిగిరి. సంగతి తేలవలెనన్నచో మూఁడవ బండి నొకదానిని తెచ్చి యిద్దఱును వంతులవారిగా దానినే నడపవలెనని పిల్ల యనుచున్నది. యుక్తి చక్కనిదే. మూఁడవ పర్యాయమునకు మా యన్నగారు డబ్బీయలేదు.